ప్రక్కమంచపువాడు



వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి పునరావాస కేంద్రపు చరిత్ర ఒక ప్రమాదముతో మొదలైనది. 1954లో వాహనము బోల్తాపడి, వెన్నుపాము దెబ్బతిని, నడుము దిగువ స్పర్శయు చలనమును కోల్పోయిన యువవైద్యురాలు డాక్టర్ మేరీ వర్గీసు, డాక్టర్ పాల్ బ్రాండుగారి ప్రోత్సాహమున చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల వంకరవోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసి, పిదప న్యూయార్కున హోవర్డ్ రస్కుగారి యొద్ద పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, 1966లో ఈ కేంద్రమును నెలకొల్పిరి. 1972లో పద్మశ్రీ నందిరి, 1986లో పరమపదించిరి. ఆమె కుర్చీ వార్డులోనికి వచ్చిన తరువాత మాకు వేరుగ ఎవ్వరును ధైర్యము చెప్పవలసిన పని యుండెడిది కాదు.

1971లో చింతచెట్టుపైనుండి పడి నేనిచట చేరునాటికి ఇరువదినాలుగేండ్లవాడను. ఇక నడువలేనని వైద్యులు చెప్పగా వింటిని గాని నమ్మలేదు. నమ్మించినవాడు ప్రక్కమంచమువాడు, తాటికల్లు గీయుచు జారిపడిన తమిళుడు. “తంబీ” యని పిలిచి, వెదురుపుల్లకు కట్టిన చిన్న అద్దమును తలగడ క్రిందనుండి తీసి, పిరుదులపై చర్మ మెఱ్ఱబడినదేమో యని ప్రతిదినము చూచుకొను విధము నాకు నేర్పెను. కుర్చీలో నున్నంతసేపు పావుగంట కొకమారు చేతులూని మేను పైకెత్తవలెనని చెప్పెను. స్నానపు నీటి వేడిని మోచేతితో చూడవలె ననుటకు తన పాదముపై కాలిన మచ్చనే చూపెను. అతని భార్యకు తెలుగు రాదు, మా అమ్మకు తమిళము రాదు. అయినను రాత్రులందు రెండుగంటల కొకమారు నన్ను ప్రక్కకు త్రిప్పుట ఆమె చేతులను చూచియే మా అమ్మ నేర్చెను.

తరువాతి దశాబ్దములు ఈ కేంద్రమునకు సాఫీగనే గడచినవి. ఏటేట ఇచట జరుగు మేళాకు పూర్వరోగులు సకుటుంబముగ వచ్చుచునే యున్నారు. దాతలకు, వైద్యులకు, నర్సులకు, వ్యాయామము చేయించినవారికి, కాలిపట్టాలు కుట్టినవారికి, కుర్చీలు బాగుచేసినవారికి, వంటవారికి, వార్డు లూడ్చిన ఆయాలకు నా నమస్కృతులు.

ఒక్క మాట వ్రాయక యుండలేను. నేను పాఠములు చెప్పిన బడి, పేరెందుకు, గుమ్మమునకు మూడు మెట్లున్నవని నన్ను మరల చేర్చుకొనలేదు. బండెడు మట్టితో తీరెడి వాలు కొరకు మూడేండ్లు అర్జీలు పెట్టితిని. ఆ కాలమున నన్ను నిలిపినవి ప్రక్కమంచమువాడు ఎవరిచేతనో వ్రాయించి పంపిన కార్డులు. భార్య పోయిన మరుసటి యేడు, త్రిప్పువారు లేక, ఒత్తిడిపుండు ముదిరి అతడును పోయెను. ఆ యిల్లాలి పేరు ఏ పట్టికలోను లేదు.

ఇది చదువువారి యూర వెన్ను విరిగి మంచమెక్కినవారుండిన, చూడబోవునపుడు పండ్లతోపాటు ఆ గాయముతో పదేండ్లు బ్రతికినవాని నొకనిని వెంటబెట్టుకొని పొండు. మా కడప జిల్లాలోనైన నన్ను పిలువుడు. ఒక బండియు, కుర్చీ నెత్తుట కిద్దరు మనుష్యులును చాలును.