కటాంజనానికి కట్టుకొన్న గొలుసులు

న్యాయమైన కోరికను లోకం దృష్టికి తేవడానికి వింతచేష్టలకు పూనుకోవచ్చునా? దానివలన కోరికకు బలం కలుగుతుందా, లేక అది నవ్వులపాలవుతుందా? ఈ ప్రశ్నకు బ్రిటనులో ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీల చరిత్ర కంటె మంచి పాఠం నాకు కనబడలేదు.

ఆ కాలంలో లండను కామన్సు సభలో స్త్రీలు కూర్చునే గ్యాలరీకి ముందు బరువైన లోహపు కటాంజనం ఉండేది. సభ్యుల కంట వారు పడకుండా ఆ ఏర్పాటు. 1908 అక్టోబరు 28న మ్యూరియల్ మాటర్స్, హెలెన్ ఫాక్స్ అనే ఇద్దరు స్త్రీలు దానికి తమను గొలుసులతో బంధించుకొని తాళాలు వేసుకొన్నారు. మాటర్స్ అక్కడినుండే ఉపన్యాసం మొదలుపెట్టింది. తాళాలు రాలేదు. చివరకు కటాంజనాన్నే ఊడదీసి, దానితో సహా వారిని బయటికి తీసుకొనిపోవలసి వచ్చింది. ఈ మాటర్స్ పుట్టిన దక్షిణ ఆస్ట్రేలియాలో స్త్రీలకు 1894లోనే ఓటు వచ్చింది. వలసలో ఉన్న హక్కు సామ్రాజ్య రాజధానిలో లేదన్నమాట!

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆమెయే గాలిఓడ ఎక్కి కరపత్రాలు వెదజల్లింది. గాలి ఎదురై పార్లమెంటు దాకా పోలేకపోయింది. అదే నెల 23న మరి ఇద్దరు స్త్రీలు ఎక్స్‌ప్రెస్ తపాలాలో 'ఉత్తరాలు'గా ప్రధాని ఆస్క్విత్ పేర బట్వాడాకు బయలుదేరారు. నాటి తపాలా నిబంధనలు అందుకు అడ్డు చెప్పలేదు. తంతికుర్రవాడు వెంట నడిచాడు. ప్రధాని ఇంటి ఉద్యోగి ఆ ఉత్తరాలను స్వీకరించక తిప్పిపంపాడు.

నవ్వు రాకుండా ఉంటుందా? కాని ఆ నవ్వులోనే వాదం ఇమిడి ఉన్నది. కటాంజనం ఎవరిని బంధిస్తున్నదో గొలుసులు చూపించాయి. స్త్రీల విన్నపాలను ఇన్నాళ్ళూ ఏమి చేస్తున్నారో ప్రధాని ఇంటివారు తామే నటించి చూపారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు నవ్వించి పోయాక కథ ముందుకు నడవాలి. తెర మీద కేతిగాడే మిగిలితే కథ చచ్చినట్లే.

1912 మార్చిలో జరిగినది అటువంటిదే అని నా అభిప్రాయం. సఫ్రజెట్లు సుత్తులతో లండను దుకాణాల అద్దాలు పగులగొట్టారు. ఆ దుకాణదారులు చేసిన పాపమేమి? అదే నెల 28న స్త్రీల ఓటు బిల్లు 14 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అంతకుముందు ఏడు అటువంటి బిల్లుకే 167 ఓట్ల ఆధిక్యం వచ్చింది! నెపమంతా అద్దాల మీద వేయడం సరికాదు. ఐరిష్ సభ్యులు తమ స్వపరిపాలన బిల్లుకు చేటు రాకూడదని ఎదురు తిరిగారు. అయినా వెనుకాడుతున్నవారికి ఒక వంక దొరికింది. 1913లో డెర్బీ పందెంలో రాజుగారి గుర్రానికి అడ్డుపోయి ప్రాణం పోగొట్టుకొన్న ఎమిలీ డేవిసన్ సంగతి వేరు. దానిని వింతచేష్ట అనడానికి నాకు నోరు రాదు.

అద్దాలు పగులగొట్టి జైలుకు పోయిన ఐరిష్ వనితలలో మార్గరెట్ కజిన్స్ ఒకరు. 1915లో భర్తతో మన దేశానికి వచ్చి మదనపల్లెలో నివసించారు. 1919లో రవీంద్రుడు అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టినది ఈమెయే. ఇక్కడ స్త్రీల ఓటు కోసం ఆమె రాయి పట్టలేదు, కలం పట్టింది. 1917 డిసెంబరు 18న మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మాంటేగును కలిసింది. దాని వెనుక కజిన్స్ కృషి ఉన్నది. లండను పెద్దలు మొదట ఒప్పుకోలేదు. నిర్ణయాన్ని రాష్ట్ర శాసనసభలకు వదిలారు. 1921లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో మద్రాసు మొదటగా స్త్రీలకు ఓటు ఇచ్చింది, ఆస్తి నిబంధనతోనే అనుకోండి.

ఒక అద్దమైనా పగలకుండా వచ్చిన హక్కు! ఇంతవరకు రాసి కలం ఆపబోయాను. కాని మాంటేగు 1912లో ఆ కామన్సు సభలోనే సభ్యుడు. అద్దాల చప్పుడు ఆయన చెవిన పడకుండా ఉండదు. ఆయన మద్రాసుకు వచ్చిన ఆ 1917లోనే కామన్సు సభ స్త్రీల ఓటును ఆమోదించింది, గ్యాలరీ కటాంజనాన్నీ తీసివేయించింది.