మళ్లీ బడికి.. భద్రంగా!

మహమ్మారి వేళ పిల్లలను తరగతి గదికి చేర్చడంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన అంశాలు

బడి తలుపులు తెరవడం ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. దూరమైన విద్యార్థిని మళ్లీ బడిలో నిలపడం మాత్రం నెలల తరబడి సాగవలసిన పని. కొవిడ్‌ కాలంలో తెలుగు రాష్ట్రాల పాఠశాలలు పలుమార్లు మూతపడి, పలుమార్లు తెరుచుకున్న తీరు నేర్పిన పాఠమిదే. జ్వరం కొలిచే పరికరం, చేతుల శుభ్రతకు ద్రావణం సమకూరితే చాలని తొలినాళ్లలో చాలామంది భావించారు. గాలి ఆడని గది, కిక్కిరిసిన ఆటో, చదవడం మరచిన చిన్నారి, పొలం పనికి వెళ్లిపోయిన బాలుడు.. అసలు సమస్యలు ఇవేనని తరువాత తేలింది. మున్ముందు మరే అంటువ్యాధి వచ్చినా ఈ అనుభవం అక్కరకొస్తుంది.

మూసివేత నుంచి పునఃప్రారంభం వరకు

2020 మార్చిలో రెండు రాష్ట్రాల్లోనూ పాఠశాలలు మూతపడ్డాయి. తొమ్మిది, ఆపై తరగతుల వారు తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారంతో ఉపాధ్యాయుల సలహాల కోసం బడికి వెళ్లవచ్చని కేంద్రం ఆ ఏడాది సెప్టెంబరు 21 నుంచి వెసులుబాటు కల్పించింది. అక్టోబరు 15 తరువాత నిర్ణయాన్ని రాష్ట్రాలకే విడిచిపెట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు మొదలయ్యాయి. మిగిలినవి దశలవారీగా తెరుచుకోగా, ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1న బడిమెట్లు ఎక్కారు. రెండో దశ ఉద్ధృతితో ఏప్రిల్‌లో మళ్లీ తాళాలు పడ్డాయి. ఆగస్టు 16న తిరిగి గంట మోగింది. తెలంగాణలో తొమ్మిది, ఆపై తరగతులకు 2021 ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు అదే నెల 24న అనుమతి లభించింది. మార్చి 24న మళ్లీ మూసివేశారు. అక్కడి ప్రాథమిక తరగతుల పిల్లలు 2021 సెప్టెంబరు 1 వరకు బడి ముఖం చూడలేదు. మూసివేత నాటికి ఒకటో తరగతిలో ఉన్న చిన్నారి, గంట మళ్లీ మోగేసరికి మూడో తరగతిలో కూర్చున్నాడు.

ఆ మూడు రోజుల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచిన మూడో రోజు, 2020 నవంబరు 4 నాటి లెక్కలు గమనించదగినవి. తొమ్మిది, పది తరగతుల్లో పేరు నమోదైన వారు 9.75 లక్షల మంది కాగా, ఆ రోజు వచ్చినవారు 3.93 లక్షల మంది. విద్యార్థుల్లో 262 మందికి, విధుల్లో ఉన్న సుమారు 99 వేల మంది ఉపాధ్యాయుల్లో 160 మందికి వైరస్‌ సోకినట్లు పరీక్షల్లో తేలింది. అంటే బడికొచ్చిన పిల్లల్లో వెయ్యికి ఒక్కరు కూడా లేరు. ఉపాధ్యాయుల్లో ఆ నిష్పత్తి రెట్టింపునకు మించింది. గదికి 15, 16 మందినే కూర్చోబెడుతున్నట్లు విద్యాశాఖ అప్పట్లో వివరించింది.

262 అన్న సంఖ్య ఊరూరా చర్చకు వచ్చింది. ఆ రోజు బడికి రాని 5.82 లక్షల మంది గురించి అంతగా మాట్లాడుకోలేదు. భద్రత అంటే వచ్చిన పిల్లలను కాపాడుకోవడంతోపాటు రాని పిల్లలను వెతికి తెచ్చుకోవడమూ అని ఈ లెక్క చెబుతోంది.

గాలి ఆడితేనే మేలు

కొవిడ్‌ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది. మాట్లాడినా, దగ్గినా, బిగ్గరగా పాఠం అప్పజెప్పినా వెలువడే సూక్ష్మ తుంపరలు మూసి ఉన్న గదిలో చాలాసేపు నిలిచి ఉంటాయి. బల్లలు, తలుపు గడియల ద్వారా సోకే అవకాశం ప్రతి స్పర్శకు పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో పేర్కొంది. పిల్లలపై రసాయనాలు చల్లడం హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్యశాఖ 2020లోనే హెచ్చరించాయి.

కాబట్టి బడిలో తొలి పని కిటికీలు తెరవడం. ఎదురెదురుగా ఉన్న కిటికీ, తలుపు తెరిస్తే గాలి గది గుండా సాగిపోతుంది. తుప్పుపట్టి తెరుచుకోని కిటికీలను, బీరువా అడ్డుపెట్టిన వాటిని బడి తెరవకముందే సరిచేసుకోవాలి. కిటికీలు మూసి పంకా తిప్పితే ఉన్న గాలే చుట్టూ తిరుగుతుంది. చెట్టునీడ, వరండా ఉన్నచోట బిగ్గరగా చదివించే పాఠాలు, పాటలు, ప్రార్థన అక్కడే జరపడం ఉత్తమం.

జ్వరం వస్తే ఇంట్లోనే

లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందునుంచే వైరస్‌ ఇతరులకు సోకగలదు. అందువల్ల గుమ్మం వద్ద జ్వరం కొలవడం కొంతవరకే ఉపకరిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంటి వద్ద తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయం. ఉదయం జ్వరం మాత్ర వేసి పిల్లవాడిని బడికి పంపే అలవాటు మానాలి. మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేకపోతేనే, వైద్యుల సూచన మేరకు పంపాలి. హాజరు తగ్గితే బహుమతి పోతుందని, తిట్లు తప్పవని పిల్లలు భయపడే పరిస్థితి ఉండకూడదు. అనారోగ్యంతో గైర్హాజరైన వారిని మందలించబోమని ప్రధానోపాధ్యాయులు ముందే ప్రకటించడం మేలు.

కొవిడ్‌ సోకిన రెండు నుంచి ఆరు వారాల్లో కొద్దిమంది పిల్లల్లో తగ్గని జ్వరం, ఒంటిపై దద్దుర్లు, కళ్లు ఎర్రబారడం, కడుపునొప్పి కలిసి కనిపిస్తాయి. అవయవాలపై ప్రభావం చూపే ఈ స్థితి అరుదైనదే అయినా ప్రమాదకరం. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆటోలో అసలు ముప్పు

గదిలో ఆరడుగుల దూరం పాటించిన పిల్లలు సాయంత్రం ఒకే ఆటోలో ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని ఇంటికి వెళ్తే ఆ జాగ్రత్తంతా వృథా. దగ్గర్లో ఉన్నవారు నడిచి లేదా సైకిల్‌పై వెళ్లడం మంచిది. ఆటో తప్పనిసరైతే తక్కువ మందిని ఎక్కించుకునేలా డ్రైవరుతో తల్లిదండ్రులే మాట్లాడుకోవాలి. పక్క పరదాలు ఎత్తి ఉంచాలి. బడి విడిచే వేళల్లో తరగతికీ తరగతికీ పది నిమిషాల తేడా ఉంటే గేటు వద్ద తోపులాట తప్పుతుంది.

మధ్యాహ్న భోజన సమయంలో మాస్కులు తీయక తప్పదు. ఏ తరగతి వారు ఆ తరగతితోనే, వీలైతే ఆరుబయట కూర్చుని తినాలి. తినే ముందు సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కోవాలి. ఎవరి నీళ్ల సీసా వారిదే. వంట చేసేవారిలో ఎవరికైనా నలతగా ఉంటే ఆ రోజు వంటగదికి దూరంగా ఉండాలి.

అయిదేళ్లలోపు వారికి మాస్కు అవసరం లేదని, ఆరు నుంచి పదకొండేళ్ల వారు పెద్దల పర్యవేక్షణలో ధరించవచ్చని 2021లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్‌ సూచించింది. తడిసిన మాస్కు మార్చుకోవడానికి సంచిలో మరొకటి ఉంచాలి. స్నేహితులతో మాస్కులు మార్చుకోకూడదని చిన్నపిల్లలకు విడమరచి చెప్పాలి.

ముందు పెద్దలకు టీకా

2021 జూన్‌, జులై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన నాలుగో సీరో సర్వేలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందిలో, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించాయి. బడులు మూసి ఉన్నా పిల్లల్లో సగం మందికి పైగా అప్పటికే వైరస్‌ బారిన పడ్డారన్నమాట. చిన్నపిల్లలు వైరస్‌ను పెద్దల కంటే మెరుగ్గా తట్టుకుంటారని, ప్రాథమిక పాఠశాలలను ముందుగా తెరవడం సమంజసమని, సిబ్బందికి టీకా తప్పనిసరని మండలి అధిపతి అప్పట్లో అభిప్రాయపడ్డారు. ఆ ఏడాది సెప్టెంబరు 5లోగా ఉపాధ్యాయులకు టీకా వేయించేందుకు కేంద్రం ఆగస్టులో అదనంగా రెండు కోట్ల డోసులు కేటాయించింది. 15-18 ఏళ్ల వారికి 2022 జనవరి 3న కొవాగ్జిన్‌, 12-14 ఏళ్ల వారికి మార్చి 16న కార్బెవ్యాక్స్‌ ప్రారంభమయ్యాయి. ఈ రెండు టీకాలూ హైదరాబాద్‌ సంస్థలు తయారుచేసినవే.

మరచిన అక్షరాలు

2022 నాటి ‘అసర్‌’ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 20.5 శాతమే. 2018లో వీరు 27.3 శాతం. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురికి ఆ పాఠం కొరుకుడుపడలేదు. అలాంటి పిల్లవాడి ముందు కొత్త తరగతి పుస్తకం తెరిచి, పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలన్న తొందరలో పరుగెత్తిస్తే ఫలితం శూన్యం. కొన్నాళ్లకు వాడే బడి మానేస్తాడు.

పునఃప్రారంభమైన తొలి రెండు, మూడు వారాలు పరీక్షలు పెట్టవద్దని 2020 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. ఆ వ్యవధిని ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోవడానికి వాడుకోవాలి. రోజుకు గంటపాటు తరగతిని పక్కనపెట్టి, అక్షరాలు రానివారు, పదాలు చదివేవారు, వాక్యాలు చదివేవారుగా పిల్లలను జట్లు చేసి బోధించడం ఫలితమిచ్చే పద్ధతి. చదవడం, రాయడం, లెక్కలపై దృష్టితో తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ను ఒకటి నుంచి అయిదు తరగతుల్లో ప్రవేశపెట్టింది.

మనసు కుదుటపడాలి

ఇంట్లో మరణం చూసిన పిల్లలు, తండ్రి ఉపాధి పోవడం చూసిన పిల్లలు మౌనంగా వచ్చి చివరి బల్లపై కూర్చుంటారు. కారణం లేకుండా ఏడవడం, కడుపునొప్పి అని తరచూ ఇంటికి వెళ్తాననడం, తోటివారితో ఆడకపోవడం, నిద్రలో పక్క తడపడం వంటి మార్పులను ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పరస్పరం చెప్పుకోవాలి. వైరస్‌ సోకి కోలుకున్న విద్యార్థిని ‘కరోనా’ అని పిలిచే ఎగతాళిని మొదటి రోజే అడ్డుకోవాలి.

రాని పిల్లల కోసం..

పత్తి తీత, మిరప కోత కాలంలో పనికి అలవాటుపడిన పిల్లలు, పెళ్లి మాటలు మొదలైన బాలికలు తమంతట తాము తిరిగి రారు. తొలి వారంలోనే హాజరు పట్టీ చేతబట్టి ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరగాలి. బాల్యవివాహం, వెట్టిచాకిరి జరుగుతున్నట్లు తెలిస్తే 1098కు ఫోన్‌ చేయవచ్చు.

ప్రైవేటు బడిలో రుసుము బకాయిపడి బదిలీ ధ్రువపత్రం అందని వారికీ దారి ఉంది. పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం-2009లోని అయిదో సెక్షన్‌ చెబుతోంది. 14 ఏళ్లలోపు చదువు మానేసిన వారిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్‌ నిర్దేశిస్తోంది.

ఇవి మరవొద్దు
* కిటికీలు, తలుపులు తెరిచాకే పాఠం మొదలుపెట్టాలి.
* జ్వరం, దగ్గు ఉంటే పిల్లలైనా, ఉపాధ్యాయులైనా ఇంట్లోనే ఉండాలి.
* ఆటోలో పరిమితికి మించి ఎక్కించొద్దు.
* తొలి వారాల్లో పరీక్షలు వద్దు. పిల్లవాడు ఆగిన చోటునుంచే బోధన సాగాలి.
* వరుసగా మూడు రోజులు రాని విద్యార్థి ఇంటికి బడి నుంచి ఒకరు వెళ్లాలి.