తెలుగునాట ఫ్రెంచి: దుబాసీల నుంచి అనువాద విద్యార్థుల దాకా

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు సీమకు పరభాషలతో పరిచయం కొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఆ తరువాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి రాగా, కొండమీది మసీదును 1642-43లో అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని అధికారి కట్టించినట్లు అక్కడి పారసీక శాసనాలు చెబుతున్నాయి. 1669లో మచిలీపట్నంలో వర్తకం చేసుకోవడానికి ఫ్రెంచివారికి ఫర్మానా, అంటే రాజముద్ర వేసిన అనుమతి పత్రం, ఇచ్చినవాడు కూడా ఈ సుల్తానే. ఆ పత్రాన్ని సాధించి తెచ్చినవాడు మర్కారా అనే ఆర్మీనియా వర్తకుడు కావడం గమనించదగిన సంగతి. తెలుగు రేవులో కాలు మోపడానికే ఫ్రెంచి కంపెనీకి ఈ దేశపు కొలువుల తీరు ఎరిగిన మధ్యవర్తి కావలసివచ్చాడన్నమాట.

ఈ మధ్యవర్తిత్వమే తరువాతి కాలంలో దుబాసీ వృత్తిగా స్థిరపడింది. ద్విభాషి అనే మాట నుంచి వచ్చిన ఈ పేరు రెండు భాషలు తెలిసినవాడికే పరిమితం కాక, కంపెనీ తరఫున బేరం కుదిర్చేవాడికీ, వార్తలు సేకరించేవాడికీ, అప్పు పుట్టించేవాడికీ కూడా వర్తించింది. పుదుచ్చేరిలో గవర్నరు డూప్లే వద్ద ప్రధాన దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై తన దినచర్యను తమిళంలో రాసుకున్నా, తెలుగు కవులను ఆదరించడం వల్ల కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’లో ఆయన పేరు నిలిచిపోయింది. ఫ్రెంచి సేనాని బుస్సీకి దివానుగా వ్యవహరించి 1758లో హత్యకు గురైన హైదర్‌జంగ్‌ను మాత్రం తెలుగువారు మరో విధంగా గుర్తుంచుకున్నారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధగాథలో దోషభారం చాలావరకు అతని తలమీదనే పడింది. దొరకూ ప్రజలకూ నడుమ నిలిచి మాట చేరవేసేవాడిపై ఉభయపక్షాలకూ అనుమానం ఉండడం ఆ వృత్తిలోని పాత చిక్కు. బుస్సీ ‘మూసే బుస్సీ’ కావడం, నిజాం కొలువులోని రేమండ్ ‘మూసారాము’ అయి హైదరాబాదులో మూసారాంబాగ్‌కు పేరివ్వడం చూస్తే, ఫ్రెంచివారి గౌరవవాచకమైన ‘మొస్యే’ తెలుగు నాలుకపై ఎంత చొరవగా స్థిరపడిందో తెలుస్తుంది.

దుబాసీల నేర్పు రేవుల్లో, కొలువుల్లో, లావాదేవీల్లో అబ్బినది. భాషను గ్రంథస్థం చేసి నేర్చుకునే ప్రయత్నం అవతలి వైపు నుంచి, జెస్యూట్ మతగురువుల చేతుల మీదుగా సాగింది. పద్దెనిమిదో శతాబ్దంలో రాయలసీమలోని కృష్ణాపురం వంటి చోట్ల కర్ణాటక మిషన్ పేరిట పనిచేసిన ఈ ఫ్రెంచి గురువులలో ల గాక్, కాల్మెత్, కెర్దూ ముఖ్యులు. 1732లో భారతదేశానికి వచ్చిన గాస్తోన్ కెర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో ఒక నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని వివరిస్తూ ఆయన 1767లో ప్యారిస్‌లోని విద్వత్పరిషత్తుకు రాసిన లేఖ 1808 వరకు అచ్చుకాలేదు. ఈలోగా, 1786లో, అదే విషయాన్ని ప్రకటించిన విలియం జోన్స్‌కు కీర్తి దక్కింది.

కెర్దూ భాషాశాస్త్ర లేఖ కంటే, కోరమాండల్ తీరపు అద్దకం గురించి ఆయన 1742లో రాసిన లేఖ అనువాదం చదువుకునేవారికి ఎక్కువ పాఠం చెబుతుంది. కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి గుడ్డను అందులో నానబెట్టడం, ఎండబెట్టడం, పటిక నీటితో బొమ్మ గీసి చిరువేరు ఉడికించిన నీళ్లలో కాచి ఎరుపు తేల్చడం వంటి పనులన్నీ ఆయన అద్దకం పనివారిని అడిగి తెలుసుకుని, వరుస తప్పకుండా ఫ్రెంచిలోకి దించాడు. తన దేశంలో సమానపదం లేని వస్తువుకు స్థానిక నామాన్నే ఉంచి, దాని రూపాన్నీ గుణాన్నీ పక్కనే వివరించాడు. నేడు సాంకేతికానువాదం పేరిట తరగతుల్లో చెప్పే పద్ధతి ఇదే. పాలు గుడ్డపై రంగు పాకకుండా ఎందుకు ఆపుతాయో పట్టించుకోని అనువాదకుడు ఆ వాక్యాన్ని సరిగా రాయలేడు. కాళహస్తి కలంకారీలో నేటికీ పాలూ కరక్కాయా ఉన్నాయి గనుక, ఆ లేఖను తెలుగులోకి తెచ్చేవారికి మాటలు పనివారి దగ్గరే దొరుకుతాయి.

ఇంత సామగ్రి ఉన్నప్పటికీ, ఇరవయ్యో శతాబ్దపు తెలుగు పాఠకుడికి ఫ్రెంచి సాహిత్యం చాలావరకు ఇంగ్లిషు మీదుగానే చేరింది. 1723 నుంచి కొద్దిపాటి విరామాలతో 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో ప్రజల భాష తెలుగే అయినా, అక్కడ ఫ్రెంచి ముఖ్యంగా కచేరీకీ కోర్టుకూ బడికీ సంబంధించినది. తమిళులకు మాత్రం పుదుచ్చేరి వల్ల మేలు జరిగింది. విక్టర్ హ్యూగో నవల ‘లే మిజరాబ్ల్’ను శుద్ధానంద భారతి తమిళంలోకి తెచ్చారు. దాని ఆధారంగా 1950లో తమిళ చిత్రమూ, దానితోపాటు నాగయ్య నటించిన తెలుగు ‘బీదలపాట్లు’ చిత్రమూ వచ్చాయి.

ఇంగ్లిషు దారి వల్ల కలిగే నష్టం ఎలాంటిదో ఆ నవలలోనే కనిపిస్తుంది. జైలు నుంచి విడుదలై ఎక్కడా తలదాచుకునే చోటు దొరకని జాన్ వల్జాన్‌ను బిషప్ తన ఇంట్లోకి పిలిచి ‘వూ’ అని, అంటే ‘మీరు’ అని, మన్నించి మాట్లాడతాడు. మాజీ ఖైదీ చలించడానికి అన్నం, పడక ఎంత కారణమో ఆ మన్ననా అంతే కారణం. ఫ్రెంచిలో చనువుకూ చులకనకూ ‘తు’ ఉండగా, గౌరవానికి ‘వూ’ ఉంది. ఇంగ్లిషులో రెండూ ఒకటైపోవడంతో, ఆ ప్రతిని ముందుంచుకున్న తెలుగు అనువాదకుడు వయసునూ హోదానూ బట్టి బిషప్ చేత ‘నువ్వు’ అనిపించే ప్రమాదం ఉంది. తెలుగులో సిద్ధంగా ఉన్న భేదం నడిమి భాష వల్ల అక్కరకు రాకుండా పోతుంది.

హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలనూ చేర్చుకుని సీఫెల్‌గా, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూగా మారిన సంస్థలో ఫ్రెంచితోపాటు అనువాద అధ్యయనమూ ఉంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ ద్వితీయ భాషల జాబితాలో ఫ్రెంచి ఉన్నా, నగర కళాశాలల్లో దానిని ఎంచుకునేది తరచు మార్కుల కోసమే గాని భాష కోసం కాదు. అందువల్ల ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల నుంచి డిగ్రీ ముగించి వెళ్లే విద్యార్థి ఫ్రెంచిని అక్షరమాల నుంచి మొదలుపెట్టడం పెద్ద వెనుకబాటేమీ కాదు.

పైగా అతని చేతిలో కొంత పెట్టుబడి ముందే ఉంటుంది. తెలుగులో లింగం అర్థాన్ని అనుసరిస్తుంది కనుక ప్రాణంలేని వస్తువులన్నీ ఒకే గాటన పడతాయి. ఫ్రెంచిలో పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం కావడం తెలుగు మాత్రమే తెలిసినవారికి వింతగా తోస్తుంది. ఉదయగిరిలో తెలుగుతోపాటు వినిపించే ఉర్దూలో కితాబూ మేజూ రెండూ స్త్రీలింగాలే. లింగాలు అన్నిచోట్లా కలవకపోయినా, నిర్జీవ వస్తువుకు లింగం ఉంటుందనే ఊహ ఉర్దూ తెలిసిన విద్యార్థికి కొత్త కాదు.

కష్టం మరోచోట ఉంది. విదేశీ భాషా తరగతులు సంభాషణతో మొదలవుతాయి కాబట్టి, కథనంలో మాత్రమే కనిపించే ‘పాసే సింప్ల్’ అనే భూతకాల రూపాన్ని చాలాకాలం వాయిదా వేస్తాయి. నిత్యవ్యవహారంలో లేని ఈ రూపం వ్యవహారిక ‘వచ్చాడు’ ఎదుట గ్రాంథిక ‘వచ్చెను’ వంటిది. ప్యారిస్‌లో కాఫీ అడగడానికి దాని అవసరం లేకపోయినా, హ్యూగో నవల మొదటి పుటల్లోనే అది ఎదురవుతుంది. కనుక అనువాద విద్యార్థులకు చదవడం నేర్పే పాఠం, మాట్లాడడం నేర్పే పాఠంతోపాటే తొలి ఏడాదిలో నడవాలి. అప్పుడు వారికి నవలలే కాక, ప్యారిస్ జాతీయ గ్రంథాలయానికి చేరిన జెస్యూట్‌ల తెలుగు రాతప్రతులు, పుదుచ్చేరి కంపెనీ పత్రాలు, యానాం దస్తావేజులు కూడా అందుతాయి. వాటిలో వంకర తిరిగిన తెలుగు ఊళ్ల పేర్లను గుర్తుపట్టడం ఆ ఊళ్ల భాష తెలిసినవారికే సులువు.