బ్లాక్ నివేదిక

బ్రిటన్‌లో మనిషి చేసే పనికీ అతని ఆయుష్షుకీ ఉన్న సంబంధాన్ని ప్రభుత్వ లెక్కల్లోంచే తేల్చి చూపిన నివేదిక ఇది. అసలు శీర్షిక 'ఆరోగ్యంలో అసమానతలు'. దాన్ని తయారుచేసిన బృందానికి అధ్యక్షుడైన సర్ డగ్లస్ బ్లాక్ పేరుతో వాడుకలో నిలిచింది. 1977లో లేబర్ ప్రభుత్వం కోరింది, 1980లో కన్సర్వేటివ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. కోరినవాళ్లు వేరు, అందుకున్నవాళ్లు వేరు కావడంతో దీని తలరాత మారిపోయింది. సిఫార్సుల్లో ఎక్కువ భాగం అమలు కాలేదు. అయినా ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఇదే అంశంపై జరిగిన పెద్ద విచారణలన్నీ దీని దారిలోనే నడిచాయి.

నేపథ్యం

పేదవాడు ముందు పోతాడన్నది బ్రిటన్‌కు కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ వెలువరించిన నివేదిక ప్రకారం మాంచెస్టర్ కూలీ కుటుంబాల్లో మరణించేవారి సగటు వయసు 17 ఏళ్లు, అదే ఊళ్లో పెద్దమనుషుల ఇళ్లలో 38. పసిపిల్లల చావులు కలవడం వల్లే సగటు అంత కిందికి దిగిందిగానీ కూలీలందరూ పదిహేడేళ్లకే పోయారని కాదు. విశేషమేమిటంటే, రట్లాండ్ అనే పల్లె ప్రాంతంలో కూలీల సగటు కూడా 38 ఉంది. చాడ్విక్ దీన్నిబట్టి రోగానికి మూలం మురికి అన్నాడు, ఆకలి అనలేదు. పేదలకిచ్చే సాయాన్ని 1834లో బిగించిన చట్టం వెనక ఉన్నది ఆయనే కనుక అలా అనడంలో ఆశ్చర్యం లేదు. 1848లో వచ్చిన ప్రజారోగ్య చట్టం మురుగు కాలువలు, మంచినీళ్ల సంగతి చూసింది. కూలి డబ్బుల జోలికి పోలేదు. లెక్కలు చెప్పేది ఒకటి, సర్కారు చేయగలిగేది ఒకటి అన్న తేడా అక్కడే మొదలైంది.

1911 జనాభా లెక్కల తర్వాత జనన మరణాల రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలోని టి.హెచ్.సి. స్టీవెన్‌సన్ జనాన్ని వృత్తుల వారీగా సామాజిక తరగతులుగా విడగొట్టాడు. తండ్రి వృత్తినిబట్టి శిశు మరణాలు ఎలా మారుతున్నాయో అప్పటినుంచి వరసగా తెలుస్తూ వచ్చింది. డాక్టర్లు, లాయర్ల వంటివారు ఒకటో తరగతి, నైపుణ్యం అక్కర్లేని కూలి పనివారు ఐదో తరగతి. బ్లాక్ బృందానికి దొరికిన ముడిసరుకులో ముఖ్యమైనది ఇదే.

1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. వైద్యం అందరికీ ఉచితమైతే ఈ తేడాలు వాటంతటవే తగ్గిపోతాయని చాలామంది నమ్మారు. కానీ 1971లో వేల్స్ బొగ్గుగనుల గ్రామం గ్లిన్‌కోరుగ్‌లో డాక్టరుగా ఉన్న జూలియన్ ట్యూడర్ హార్ట్, మంచి వైద్యం అవసరం ఎక్కువున్న చోట తక్కువగా, తక్కువున్న చోట ఎక్కువగా దొరుకుతోందని 'లాన్సెట్' పత్రికలో రాశాడు. స్థానిక డాక్టర్లు వెళ్లనన్న అలాంటి గని ఊళ్లలో, కార్మికవాడల్లో కొలువులు నింపినవారు చాలావరకు భారత ఉపఖండం నుంచి వెళ్లిన డాక్టర్లే. తెలుగు డాక్టర్లూ వారిలో ఉన్నారు.

బృందం

ఆనాటి మంత్రి డేవిడ్ ఎన్నల్స్ నియమించిన ఈ బృందంలో సభ్యులు నలుగురు. కిడ్నీ వ్యాధుల నిపుణుడు బ్లాక్ అప్పుడు రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అధ్యక్షుడు. పీటర్ టౌన్‌సెండ్ పేదరికంపై జీవితమంతా పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త. సిరిల్ స్మిత్ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కార్యదర్శి. నాలుగోవాడు జెర్రీ మోరిస్. లండన్ రెండంతస్తుల బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో చూపినవాడు ఈయనే. ఆస్పత్రులకిచ్చే డబ్బులో కొంత తీసి ఊళ్లోని ప్రాథమిక సేవలకు మళ్లించాలా అన్నచోట సభ్యుల మధ్య మాట కుదరక పని సాగింది. ఈలోగా 1979 మేలో ఎన్నికలు వచ్చి ప్రభుత్వమే మారింది. ఆ ఆలస్యమే లేకపోతే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఏం తేలింది

పదవీ విరమణ వయసు రాకముందే చనిపోయే ప్రమాదం ఒకటో తరగతివారికన్నా ఐదో తరగతివారికి రెండున్నర రెట్లు. పుట్టిన నెలలోపు పోయే బిడ్డలు కూలి కుటుంబాల్లో రెండింతలు. ఉచిత వైద్యం వచ్చి ముప్పై ఏళ్లయినా ఈ తేడా తగ్గలేదు, కొన్ని విషయాల్లో పెరిగింది కూడా.

ఎందుకిలా అన్న ప్రశ్నకు నివేదిక నాలుగు జవాబుల్ని తూచి చూసింది. మొదటిది, ఈ తేడా లెక్క కట్టే పద్ధతిలోంచి పుట్టిన భ్రమ కావచ్చునన్నది: ఐదో తరగతి ఏటికేడాది చిన్నదవుతోంది, మిగిలినవాళ్లు ముసలివాళ్లు కావచ్చు. రెండోది, పేదరికం రోగం తేవడం కాదు, రోగమే మనిషిని కింది తరగతికి దించుతోందన్నది. మూడోది, సిగరెట్, తిండి, తాగుడు వంటి అలవాట్లు. నాలుగోది, సంపాదన, ఇల్లు, పని జరిగే చోటు, పెరిగిన తీరు. మొదటి మూడింటిలో ఎంతో కొంత నిజం ఉందని ఒప్పుకుంటూనే నివేదిక నాలుగోదానివైపు మొగ్గింది. అలవాట్లు కూడా గాల్లోంచి ఊడిపడవు, బతుకు పరిస్థితుల్లోంచే వస్తాయన్నది దాని వాదం. తర్వాతి నలభై ఏళ్ల చర్చంతా చాలావరకు ఈ నాలుగు గళ్ల మధ్యే తిరిగింది.

సిఫార్సులు 37. వాటిలో ఆస్పత్రులకన్నా ఇళ్లు, బళ్ల ప్రస్తావనే ఎక్కువ. పిల్లలున్న కుటుంబాలకిచ్చే భత్యం పెంచాలి, బడిలో భోజనం ఉచితంగా పెట్టాలి, వికలాంగులకు భృతి ఇవ్వాలి, పొగాకు ప్రకటనలు ఆపాలి అని అడిగింది. 1980లలో పిల్లల పేదరికం నిర్మూలనను జాతీయ లక్ష్యంగా పెట్టుకోవాలంది.

విడుదల

మంత్రి ప్యాట్రిక్ జెంకిన్ నివేదికను మామూలుగా అచ్చు వేయించలేదు. ఆగస్టు చివర్లో, బ్యాంకు సెలవు రోజులు చూసుకుని, టైపు చేసిన ప్రతుల నకళ్లు 260 మాత్రం బయటికి వదిలారు. ముందుమాటలో మంత్రి ఏడాదికి 200 కోట్ల పౌండ్లకు పైగా అయ్యే ఈ ఖర్చు ఇప్పుడే కాదు, కనుచూపు మేరలో సాధ్యం కాదని రాసి సిఫార్సులను పక్కన పెట్టాడు. రచయితలు ఊరుకోలేదు. పత్రికల వాళ్లను తామే పిలిచి మాట్లాడారు. 1982లో పెంగ్విన్ సంస్థ దీన్ని చవక పుస్తకంగా తెచ్చాక విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది. దేశం బయటా ఇదే అంశం చర్చకు వచ్చింది: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖ 1985లో ప్రకటించిన లక్ష్యాల్లో మొదటిది, 2000 నాటికి ఆరోగ్యంలో తేడాలను కనీసం నాలుగో వంతు తగ్గించాలన్నది.

1987లో ఇదే తంతు మళ్లీ నడిచింది. మార్గరెట్ వైట్‌హెడ్ రాసిన 'ది హెల్త్ డివైడ్' విడుదల సమావేశాన్ని, దాన్ని రాయించుకున్న ఆరోగ్య విద్యా మండలి అధ్యక్షుడే చివరి గంటలో రద్దు చేశాడు. వచ్చిన విలేకరులు మరో కార్యాలయానికి నడిచివెళ్లారు. మర్నాడు పత్రికల్లో నివేదికతోపాటు దాన్ని ఆపబోయిన ముచ్చట కూడా వచ్చింది. పరిశోధనను దాచబోయినవాళ్లే దానికి డప్పు కొట్టిపెట్టినట్టయింది.

విధానంపై ప్రభావం

పరిశోధన నేరుగా జీవోగా మారడం అరుదని, అది మెల్లగా ఇంకి పాలకులు ఆలోచించే తీరును మారుస్తుందని అమెరికన్ పండితురాలు కరోల్ వైస్ 1979లో రాసింది. బ్లాక్ నివేదికకు ఆ మాట బాగా సరిపోతుంది. అయితే ఇంకే క్రమంలో ఏది మిగిలి, ఏది కారిపోయిందన్నది కూడా చూడాలి.

ఈలోగా ఆధారాలు గట్టిపడ్డాయి. లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో సుమారు 18,000 మంది మగ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం, పై అధికారులతో పోలిస్తే అట్టడుగు ఉద్యోగులు గుండెజబ్బుతో మూడు రెట్లకు పైగా మరణిస్తున్నారని తేల్చింది. వీళ్లెవరూ తిండికి లేనివాళ్లు కారు. హోదా ఒక్కో మెట్టు దిగేకొద్దీ ప్రమాదం ఒక్కో మెట్టు పెరిగింది. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ కలిపినా అందులో సగాన్నైనా వివరించలేకపోయాయి. సమస్య పేదలదొక్కరిదే కాదని తేల్చినందువల్ల విధానకర్తలకు ఇది మరింత ఇబ్బందికరమైన ఫలితం.

1997లో లేబర్ పార్టీ తిరిగి రాగానే మాజీ ముఖ్య వైద్యాధికారి సర్ డొనాల్డ్ అచెసన్‌కు కొత్త విచారణ అప్పగించింది. 1998లో వచ్చిన ఆయన నివేదికలో 39 సిఫార్సులున్నాయి. వాటిలో ఏది ముందో, దేనికెంత ఖర్చో చెప్పలేదని విమర్శ వచ్చింది. ఆపై 2010 నాటికి శిశు మరణాల్లో, ఆయుర్దాయంలో అంతరాన్ని పదో వంతు తగ్గించాలని ప్రభుత్వం గురి పెట్టుకుంది. గడువు వచ్చేసరికి ఆయుర్దాయంలో అంతరం తగ్గకపోగా పెరిగిందని జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ మాత్రం, అంతకుముందు పెరుగుతూ వచ్చిన అంతరం ఆ విధానం నడిచిన కాలంలో తగ్గుముఖం పట్టిందని, విధానం ఆగాక మళ్లీ పెరిగిందని చూపింది. రెండు లెక్కలూ నిజాయితీగానే కట్టారు. ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా కొలిచారన్నదే తేడా.

2010లో సర్ మైఖేల్ మార్మట్ సమీక్ష, ఇంగ్లండ్‌లో అతి పేద వాడలవారు సంపన్న వాడలవారికన్నా సగటున ఏడేళ్లు ముందు మరణిస్తున్నారని, వైకల్యం లేకుండా బతికే కాలంలోనైతే తేడా 17 ఏళ్లని చెప్పింది. సేవలు అందరికీ ఉండాలి, అవసరం ఎక్కువున్నచోట మోతాదు పెరగాలి అన్నది ఆయన సూత్రం. ఆరోగ్య సేవలపై 2012లో వచ్చిన చట్టం అసమానతలు తగ్గించే అవసరాన్ని ఆరోగ్య మంత్రి దృష్టిలో ఉంచుకోవాలని మొదటిసారి నిబంధన పెట్టింది. అదే దశకంలో స్థానిక సంస్థల నిధులు, కుటుంబ భత్యాలు కోతకు గురయ్యాయి. అతి పేద ప్రాంతాల మహిళల ఆయుర్దాయం తగ్గిందని మార్మట్ 2020లో చెప్పాల్సి వచ్చింది.

ఇన్నేళ్ల వరసలో ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రతి నివేదికా రోగనిర్ధారణలో ఆదాయం, ఇల్లు, పని అంటుంది. అమలులోకి వచ్చేసరికి మిగిలేది ఎక్కువగా సిగరెట్ మానిపించే కేంద్రం, బరువు తగ్గించే శిబిరం. అవి పనికిరానివని కాదు, ఒక శాఖ ఒక బడ్జెట్టులో చేయగలిగినవి అవే. పన్నులు, జీతాలు, ఇళ్ల అద్దెలు ఆరోగ్య మంత్రి చేతిలో ఉండవు.

నిర్ణయం ఒక్క చట్టంలో ఇమిడినచోట కథ వేరుగా నడిచింది. మద్యానికి కనీస ధర పెడితే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం ముందే లెక్కవేసి ఇచ్చింది. స్కాట్లండ్ 2012లో చట్టం చేసింది. స్కాచ్ విస్కీ ఉత్పత్తిదారుల సంఘం కోర్టుకెక్కడంతో 2017 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆగి, 2018 మేలో, మద్యంలోని ఆల్కహాల్‌ను కొలిచే యూనిట్‌కు 50 పెన్నీలుగా అమలు చేసింది. మద్యమే కారణమైన మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని 2023లో 'లాన్సెట్'లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ తగ్గుదల పేద ప్రాంతాల్లోనే ఎక్కువ. 2024 సెప్టెంబరులో ధరను 65 పెన్నీలకు పెంచారు.