నీట మునిగిన బాటలు

పల్నాటి సీమలో, కృష్ణాతీరమున, నల్లమల కొండల నడుమ నాగార్జునకొండ లోయ యుండెను. క్రీ. శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అచ్చటనే వర్ధిల్లినది. శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది. బోధిశ్రీ యను ఉపాసిక సింహళాచార్యులకై చైత్యగృహము కట్టించి శాసనము వేయించినది. కడలి దాటి వచ్చిన అడుగులను ఆ బాటలు ఎరుగును.

1926లో శిథిలములు వెలుగు చూచినవి. 1955 డిసెంబరు 10న సాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. ముఖ్య కట్టడములు కొండమీదికిని, అనుపునకును తరలినవి, పల్లెవాసులు ఊళ్లు విడిచిరి, లోయ మునిగినది. 1967లో కాలువలకు విడిచిన ఆ నీరే మన ప్రత్తి, మిరప చేలకు ప్రాణమైనది.

ఆ ఋణము మరువరాదు. కాళ్లతో నడువలేని ఆ బాటలలో మన బిడ్డలు ఈ గ్రంథాలయపు చరిత్ర గ్రంథముల తోడుగా నైనను నడువవలెను.