కంచె చేను మేసిన చరిత్ర



నా శిష్యురాలొకతెకు ఇరువదవ యేట కీళ్లు వాచి, చెక్కిళ్లపై ఎఱ్ఱని దద్దు లేచెను. అది పూర్వజన్మ పాపమని యూరివారనిరి. పండితుడనని నన్నడుగగా, నేనును శాంతి చేయింపుడంటిని. రెండేండ్లు గడచినవి. వైద్యులు అది లూపస్ అని తేల్చునప్పటికి ఆమె మూత్రపిండములు చెడెను. ఈ రోగమున దేహరక్షణబలమే దేహమును బాధించును. కంచెయే చేను మేయుట యిదియే. నా తప్పు తెలిసికొనుటకై నేను చదివిన చరిత్రను మనవి చేయుచున్నాను.

1900 ప్రాంతమున జర్మనీదేశపు పాల్ ఎర్లిక్ మేకలకు ఇతర మేకల రక్తమెక్కించి చూచెను. అవి పరరక్తమును కరగించు ప్రతిరక్షకములను పుట్టించెను గాని స్వరక్తము జోలికి పోలేదు. దేహము తన్ను తాను హింసించుకొనదని పెక్కుర కప్పుడు నమ్మిక కుదిరెను. 1904లో వియన్నాలో డొనాత్, లాండ్‌స్టైనర్ అనువారు, చలి సోకిన పిమ్మట మూత్రమెఱ్ఱనగు నొక రోగమున, రోగి రక్తములోని ప్రతిరక్షకమే అతని రక్తకణములను కరగించునని చూపిరి. అయినను పాతనమ్మిక చిరకాలము నిలిచెను. 1957లో లూపస్ రోగుల రక్తమున స్వీయ డి.ఎన్.ఏ.ను సయితము పట్టుకొను ప్రతిరక్షకములు కానవచ్చెను.

డి.ఎన్.ఏ. యనగా తల్లిదండ్రులనుండి సంక్రమించు జీవలక్షణముల లిఖితము. అది జీవకణపు నడుమనున్న కేంద్రకమున నుండవలెను. గర్భాలయములోని విగ్రహము వీధిలో కనబడిన తలారి కేకవేయడా? కణములోని యట్టి తలారి పేరు సీగ్యాస్. టెక్సాస్‌లో జిజియాన్ చెన్ బృందము దానిని కనుగొని 2013లో ప్రచురించెను. కేంద్రకము వెలుపల డి.ఎన్.ఏ. కనబడినంతనే అది హెచ్చరించును. ఇంటర్‌ఫెరాన్ పుట్టి రక్షణబలము లేచును. డి.ఎన్.ఏ. తెగిన కణము విభజన చెందునపుడు తునకలు చిన్న సంచులుగా విడివడుననియు, ఆ సంచులు పగిలిన సీగ్యాస్ మేల్కొనుననియు 2017లో తెలిసెను. చెడిన కణములను తొలగించుట కిది తోడ్పడును.

అయితే ఈ తలారికి, వచ్చినది వైరస్‌దో స్వకీయమో బాగుగ తెలియదు. కావున దారితప్పిన డి.ఎన్.ఏ.ను ఊడ్చివేయుటకు ట్రెక్స్-1 అను పాకీ గలదు. పుట్టుకతో నది లోపించిన శిశువులకు, ఏ వైరస్ సోకకయే మెదడు వైరస్ సోకినట్లు చెడునని 2006లో తేలెను. కొందఱు లూపస్ రోగులయందును ఈ లోపము కలదు. లూపస్‌నకు కారణ మిదొక్కటియే కాదు. కాని యిందెచ్చటను పాపమున కెడము లేదు.

నా శిష్యురాలు నేడు మందులతో జీవించుచున్నది. నన్నొక్కమాట యనలేదు. ఆ మౌనమే నాకు శిక్ష. మీ పిల్లల కీళ్లు వాచి, చెక్కిళ్లు కందినచో, నావంటివానిని సలహా యడుగక, ముందుగ వైద్యునికడకు కొనిపొండు.