ఊరి సగటు

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాడికి సంఖ్యాశాస్త్రంతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని పడింది. ఇక్కడ వరంగల్లులో అర్థశాస్త్రం చదువుతున్న విద్యార్థి ఒకడు, పల్లెల్లో పేదరికం గురించి తాను రాసిన వ్యాసం తెచ్చి, భాష దిద్దిపెట్టమన్నాడు. పేజీకొకసారి 'ప్రతిగమనం' అన్న మాట తగిలింది. పురోగమనమూ, తిరోగమనమూ మన పత్రికలకు పాత చుట్టాలే. ఈ ప్రతిగమనం ఎవరి వైపు చుట్టమో తెలియలేదు. ఆ వ్యాసంలోనే ఇంకొక వాక్యం నన్ను నిలవనీయలేదు: తెలంగాణా పల్లెలో ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదట, ఊరు కాపాడుతుందట.

ప్రతిగమనం అంటే బ్రహ్మవిద్య కాదు. కొన్ని ఇళ్ళ ఆదాయాలు ఒక వరుసలో, అవే ఇళ్ళ తిండి ఖర్చు మరొక వరుసలో వేసుకొని, ఆదాయం ఒక రూపాయి మారితే తిండి ఎంత మారుతున్నదో చెప్పే గీత గీయడమే. భూమి, పశువులు, ఇంట్లో మనుషుల సంఖ్య, ఇలా వరుసలు పెంచుకొంటూ పోతే, తక్కినవన్నీ కదలకుండా ఉన్నాయనుకొని ఒక్కదాని ప్రభావం ఎంతో తేల్చవచ్చునంటారు. అయితే ఏ వరుసలు వేయాలో గీత చెప్పదు. గీసేవాడు చెప్పాలి.

ఈ విద్యను పేదరికం మీద మొదట ప్రయోగించిన వారిలో బ్రిటన్ దేశస్థుడు ఉడ్నీ యూల్ ఒకడు. 1871, 1881, 1891 సంవత్సరాల లెక్కలు తీసుకొని, 1899లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ దేశంలో బీదలకు సహాయం రెండు విధాలుగా అందేది: ఇంటి వద్దనే ఇవ్వడం ఒకటి, జైలును తలపించే శ్రమశాలలో పెట్టి తిండి పెట్టడం రెండోది. ఇంటి వద్ద సహాయం తగ్గిన చోట్ల దరిద్రుల సంఖ్యా తగ్గిందని ఆయన గీత చూపింది. కాని ఆ లెక్కలో దరిద్రుడెవరు? సర్కారు సహాయం పొందుతున్నవాడు! సహాయం ఆపితే పట్టీలో పేరు పోతుంది, పొట్టలో ఆకలి పోదు. తాను చూపినది సంబంధమే గాని కారణం కాదని యూల్ అధోజ్ఞాపికలో హెచ్చరించకపోలేదు. నిజాయితీపరుడే. అధోజ్ఞాపికలు చదివి చట్టాలు చేసేవారెవరు?

మన వైపు లెక్కల చరిత్రా చిన్నది కాదు. హైదరాబాదు రాజ్యంలో కేశవ అయ్యంగార్ 1929-30లో ఒకసారి, 1949-51లో మరొకసారి పల్లెల ఆర్థిక స్థితిని పరిశీలించాడు. ఈ రెండింటి నడుమ తెలంగాణాలో ఏం జరిగిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1950లో మహలనోబిస్ పూనికతో జాతీయ నమూనా సర్వే మొదలయింది. కాని మా విద్యార్థి వాక్యానికి మూలం వీటిలో లేదు, పాలమూరులో ఉంది.

1972లో పటాన్‌చెరువులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ, 1975 నుంచి ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరుపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్రలో నాలుగు పల్లెలను పట్టుకొని కూర్చుంది. ఊరికి నలభై ఇళ్ళు: పది భూమిలేని కూలీలవి, తక్కిన ముప్ఫై చిన్న, మధ్య, పెద్ద రైతులవి. పరిశోధకులు ఊళ్ళోనే కాపురం పెట్టి, కొద్ది వారాలకొకసారి ఇంటింటికీ పోయి పంట, కూలి, అప్పు, తిండి రాసుకొన్నారు. ఏళ్ళ తరబడి అవే ఇళ్ళు! జొన్న, ఆముదం పండే ఎర్రచెల్క ఊరు ఔరుపల్లి. వాన మీద భరోసా లేని నేల. ఇంత ఓపికగా మన కూలివాని గంజిని లెక్కించిన వారు తక్కువ. ఈ మాట ఒప్పుకొనే ముందుకు పోవాలి.

ఆ పుస్తకాల నుంచి ఔరుపల్లినీ, మహారాష్ట్ర పల్లెలు రెండింటినీ తీసుకొని, రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ 1994లో ప్రతిగమనం కట్టాడు. ఊరి సగటు తిండిని పక్కన పెట్టి చూస్తే, ఒక ఇంటి తిండి మీద ఆ ఇంటి ఆ యేటి ఆదాయం, జబ్బు, పని దొరకకపోవడం పెద్దగా ప్రభావం చూపడం లేదన్నాడు. ఊరు సంపూర్ణంగా కాపాడుతుందన్న సిద్ధాంతం పరీక్షకు నిలవలేదని ఆయనే చెప్పాడు. మూడింట ఒక ఊళ్ళో భూమిలేనివారికి రక్షణ తక్కువని కూడా రాశాడు. 1997లో రావల్యన్, చౌధురి అవే లెక్కలు తిరగేసి, ఆయన తిండిని కొలిచిన పద్ధతినే తప్పుపట్టారు. ఇవేవీ మా విద్యార్థి దాకా రాలేదు. 'ఊరు కాపాడుతుంది' అన్నది మాత్రం వచ్చింది.

ఇంతకూ గీత సాఫీగా ఉండడానికి ఎవరు ఏం చెల్లించారు? జవాబు ఆ ఊళ్ళ లెక్కల్లోనే ఉండడం విశేషం. రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ 1993లో తేల్చారు: చెడ్డ యేడు వస్తే రైతులు ఎద్దులను అమ్ముకొంటున్నారని. జాకొబీ, స్కూఫియాస్ 1997లో చూపారు: ఆదాయం తగ్గిన రోజుల్లో పిల్లల బడి మానుతున్నదని. ఎద్దు పోయింది, బడి పోయింది. జొన్న గటక మిగిలింది. తిండి వరుస ఒక్కటే చూసినవాడికి ఏమీ జరగలేదు! గింజలు ఇచ్చిన దొర అందుకు బదులు ఎన్ని నెలల జీతం రాయించుకొన్నాడో ఆ వరుస చెప్పదు.

ఔరుపల్లి పని మొదలు కావడానికి ఒక యేడు ముందు, 1974లో, పుచ్చలపల్లి సుందరయ్య గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటి లెక్క తీయించాడు. 1977లో అచ్చయిన ఆ పరిశీలనలో ప్రశ్న వేరు. ఎవరు సొంత రెక్కల మీద సేద్యం చేస్తున్నారు? ఎవరు పరుల రెక్కల మీద? ఇళ్ళను ఆ ప్రకారం విడదీసిన తరువాతనే భూమి, ఆదాయం లెక్కపెట్టాడు. అక్కడ ఊరికి సగటు ఉండదు, వర్గాలుంటాయి. ప్రశ్న సరి అయినది. కాని అది ఒకసారి తీసిన ఛాయాచిత్రం. అవే ఇళ్ళ వెంట పదేళ్ళు నడిచిన ఓపిక ఇక్రిశాట్‌ది. సరైన ప్రశ్న మనది కాబట్టి ఓపిక అక్కరలేదనుకోవడం మనవాళ్ళకున్న జబ్బు.

'ఊరి సగటును పక్కన పెట్టి చూస్తే' అన్న ఆ చిన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. 1997-98లో మా వరంగల్లు జిల్లాలో పత్తి మీద పురుగు పడింది. విత్తనమూ, మందూ అప్పుగా ఇచ్చిన దుకాణదారే వడ్డీ వ్యాపారి. మందు కొట్టినా పురుగు చావలేదు. రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. అది ఒక ఇంటికి వచ్చిన కష్టం కాదు. చేబదులు ఇవ్వవలసిన పొరుగువాని చేనూ అదే పత్తి, అదే అప్పు. పక్కన పెట్టిన ఆ సగటే ఆ యేడు కూలిపోయింది.

విద్యార్థి వ్యాసంలో వర్ణక్రమం దిద్దాను. 'ఊరు కాపాడుతుంది' అన్న చోట మాత్రం కొట్టివేయకుండా, 'ఈ వాక్యానికి కర్త ఎవరు?' అని మార్జినులో రాసి ఇచ్చాను. రెండు రోజులు పోయాక వచ్చి, ఎద్దులకు ఒక వరుస, బడికి ఒక వరుస, దొర దగ్గర అప్పుకు ఒక వరుస వేసి మళ్ళీ లెక్క కడతానని కాగితాలు పట్టుకుపోయాడు.